కేబుల్ బిగించే ముందు చక్రం విప్పి చూడండి: పాత పికప్ హ్యాండ్ బ్రేకు సందేహాలు

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరు హనుమంతనగరలో ఉంటూ, సొంత పికప్ బండిలో కలాసిపాళ్య నుంచి కూరగాయలు, కొబ్బరికాయలు అంగళ్లకు, హోటళ్లకు చేరవేస్తుంటాను. బండి 2009 మోడల్, డీజిల్. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు. ఏడాదిగా హ్యాండ్ బ్రేకు పట్టు తగ్గిపోయింది. చదును నేల మీద నిలబడుతుంది గానీ, సరుకుతో వాలు రోడ్డు మీద ఆపితే మెల్లగా జారుతుంది. మెకానిక్ కేబుల్ బిగించిన ప్రతిసారీ కొద్ది రోజులు బాగుండి మళ్లీ మొదటికే వస్తోంది. ఈమధ్య ఎడమ వెనక చక్రం వేడెక్కుతోంది, డీజిల్ కూడా ఎక్కువ తాగుతోంది. ఇక కేబుల్ మార్చాల్సిందే అంటున్నారు. వచ్చే నెల ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లాలి. కేబుల్ మారిస్తే సరిపోతుందా? లోపం ఎక్కడుందో నేనే తెలుసుకునే మార్గం ఉందా?
— ఒక పాఠకుడు, హనుమంతనగర, బెంగళూరు

జవాబు: కేబుల్ ఇప్పుడే కొనకండి, ఉన్న కేబుల్‌ను ఇంకా బిగించనూ వద్దు. మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే అసలు లోపం చక్రం లోపల, అంటే డ్రమ్ములోనూ, దాన్ని లోపలి నుంచి అదిమి ఆపే బ్రేక్ షూల దగ్గరా ఉండే అవకాశమే ఎక్కువ. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకొకచోట వేస్తున్నారు. అందుకే కొద్ది రోజులకే పాత కథ మొదలవుతోంది.

మరమ్మతు పూర్తయ్యేదాకా వాలు మీద బండిని హ్యాండ్ బ్రేకు ఒక్కదాని మీదే నమ్మి వదలకండి. ముందుగా కాలి బ్రేకుతో పూర్తిగా ఆపండి. కాలు తీయకుండానే హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజన్ కట్టి, బండి ముఖం ఎగువకు ఉంటే మొదటి గేరులోనూ దిగువకు ఉంటే రివర్సు గేరులోనూ ఉంచి, ఆ తరువాతే కాలు తీయండి. అంచున గట్టు ఉన్న రోడ్డుకు ఎడమ పక్కన ఆపినప్పుడు, ముఖం దిగువకు ఉంటే ముందు చక్రాలను ఎడమకూ, ఎగువకు ఉంటే కుడికీ తిప్పి ఉంచితే, బండి కదిలినా చక్రం గట్టుకు ఆనుకుని ఆగుతుంది. గట్టు లేని రోడ్డయితే రెండు సందర్భాల్లోనూ ఎడమకే తిప్పాలి. వీటన్నిటితో పాటు దిగువ వైపున చక్రానికి అడ్డంగా మంచి చెక్క దిమ్మె పెట్టండి. ఇది జాగ్రత్త మాత్రమే కాదు, చట్టం కూడా ఇదే అడుగుతుంది: డ్రైవరు సీట్లో లైసెన్సు ఉన్న మనిషి లేకుండా బహిరంగ స్థలంలో బండి నిలపాలంటే ఇంజన్ ఆపి బ్రేకు వేసి ఉండాలని, లేదా బండి దానంతట అది కదలకుండా వేరే ఏర్పాటు చేయాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 126వ సెక్షను చెబుతోంది.

ఇప్పుడు బిగింపు ఎందుకు నిలవడం లేదో చూద్దాం. మీ బండి తరహా నిర్మాణంలో మీరు లివరు లాగినప్పుడు ముందు కేబుల్ ఒక సమతూకపు పలకను లాగుతుంది. ఆ పలక రెండు వెనక కేబుళ్లకు బలాన్ని సమానంగా పంచుతుంది. ఒక్కొక్క కేబుల్ చివర డ్రమ్ము లోపల ఒక చిన్న ఇనుప లివరుకు తగిలించి ఉంటుంది. ఆ లివరు ఒక షూను నేరుగానూ, అడ్డంగా ఉన్న పట్టీ ద్వారా రెండో షూనూ నెట్టి డ్రమ్ముకు అదుముతుంది. కాలి బ్రేకు వాడేదీ ఇవే షూలను. తేడా అంతా నెట్టే పద్ధతిలోనే, అక్కడ బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో వీల్ సిలిండర్ నెడుతుంది, ఇక్కడ కేబుల్ లాగుతుంది. షూ మీది రాపిడి పొరలు, అంటే లైనర్లు, అరిగేకొద్దీ షూకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని ఎప్పటికప్పుడు తగ్గించడానికి షూల మధ్య పళ్లచక్రం ఉన్న అడ్జస్టరు ఉంటుంది. కొన్ని బండ్లలో అది కాలి బ్రేకు నొక్కినప్పుడు, కొన్నిటిలో హ్యాండ్ బ్రేకు లాగినప్పుడు, మరికొన్నిటిలో వెనక్కి నడుపుతూ బ్రేకు వేసినప్పుడు తనంతట తానే ఒక్కొక్క పన్ను తిరుగుతుంది. బాగా పాత బండ్లలో చేత్తో తిప్పాల్సిందే.

ఈ అడ్జస్టరు తుప్పుతోనో దుమ్ముతోనో బిగుసుకుపోతే షూ ఖాళీ పెరుగుతూ పోతుంది. హ్యాండ్ బ్రేకు లివరు పైదాకా వచ్చేస్తుంది. అప్పుడు అందరూ చేసే పని కింద నట్టు తిప్పి కేబుల్ బిగించడం. దానితో లోపలి చిన్న లివరు తన అసలు స్థానానికి పూర్తిగా తిరిగి రాక ఎప్పుడూ కొంచెం లాగినట్లే ఉండిపోతుంది. అలా ఉన్నంతకాలం అడ్జస్టరుకు పని చేసే వీలు ఉండదు, ఎందుకంటే అది కొలుచుకునే కదలికను కేబుల్ ముందే తినేసింది. పైగా షూ డ్రమ్మును రాసుకుంటూ తిరుగుతుంది, లైనరు వేడెక్కి పైపొర గాజులాగా నున్నబడుతుంది, నున్నబడిన లైనరుకు పట్టు ఉండదు. పట్టు లేదని మళ్లీ కేబుల్ బిగిస్తారు. మీ బండి ఇప్పుడు ఈ దశలోనే ఉందని నా అభిప్రాయం.

ఒక చక్రమే వేడెక్కుతోందని మీరు రాయడం చాలా ఉపయోగపడింది. కేబుల్ మొత్తంగా బిగువై ఉంటే రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా వేడెక్కాలి. ఎడమది మాత్రమే వేడెక్కుతోందంటే ఆ వైపు ఏదో ఒకటి తిరిగి రావడం లేదన్నమాట. కేబుల్ దాని గొట్టంలోనే తుప్పుపట్టి ఇరుక్కుని ఉండవచ్చు, లోపలి లివరు కీలు దగ్గర బిగుసుకుని ఉండవచ్చు, షూను వెనక్కి లాగే స్ప్రింగు బలం తప్పి ఉండవచ్చు, లేదా వీల్ సిలిండర్ పిస్టన్ కదలకుండా ఉండవచ్చు. చక్రం బేరింగు పాడైనా వేడి వస్తుంది కాబట్టి చక్రం పైకెత్తినప్పుడు దాన్నీ ఊపి చూడాలి. నడిపి ఆపిన వెంటనే డ్రమ్మును చేత్తో తాకకండి, కాలుతుంది. అరచెయ్యి దగ్గరగా పెడితే వేడి తెలుస్తుంది.

మొదటి పరీక్ష డ్రైవరు సీట్లో కూర్చునే చేయవచ్చు. కాలి బ్రేకు పెడలును ఒకసారి నొక్కి అది ఎంత లోతుకు వెళ్లిందో గమనించి, వదిలి వెంటనే రెండోసారి నొక్కండి. మొదటిసారి లోతుకు వెళ్లి రెండోసారి పైనే ఆగితే వెనక షూల ఖాళీ పెరిగిందని అర్థం. పెడలు మొదటిసారే పైన గట్టిగా ఆగి, హ్యాండ్ బ్రేకు లివరు మాత్రం పైదాకా వస్తుంటే అప్పుడు అనుమానం కేబుల్ మీదికీ, లివరును లాగినచోటే పట్టి ఉంచే కింది ర్యాచెట్ మీదికీ పోవాలి. ఎంత నొక్కినా పెడలు మెత్తగా ఉంటే అది గాలి చేరిన లక్షణం. దాన్ని ముందు సరిచేయించుకోండి, హ్యాండ్ బ్రేకు సంగతి తరువాత చూడవచ్చు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కూడా చూడండి. అది తరచూ తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది, ఆ కారేది వెనక డ్రమ్ములోనే కావచ్చు.

రెండో పరీక్షకు తోడుగా ఇంకొక మనిషి కావాలి. చదునైన గట్టి నేల మీద బండి ఆపి, ముందు చక్రాలకు ఇరువైపులా దిమ్మెలు పెట్టి, వెనక ఆక్సిల్‌ను జాకీతో ఎత్తి, రెండు వైపులా స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ మీదే నిలిపి బండి కిందికి దూరడం ఎవరూ చేయకూడని పని. అందులోనూ ఈ పరీక్షలో హ్యాండ్ బ్రేకు వదిలి, గేరు న్యూట్రల్‌లో ఉంచుతాం కనుక దిమ్మెలు, స్టాండ్లు లేకపోతే ప్రాణానికే ముప్పు. లివరు పూర్తిగా కిందికి వదిలి రెండు చక్రాలనూ చేత్తో తిప్పి చూడండి. అవి సులువుగా తిరగాలి. తరువాత ఒక్కొక్క క్లిక్కు చొప్పున లివరు పైకి లాగిస్తూ, ప్రతి క్లిక్కుకూ రెండు చక్రాలనూ తిప్పి చూడండి. రెండూ ఇంచుమించు ఒకే క్లిక్కు దగ్గర బిగువు మొదలై, ఒకేచోట పూర్తిగా ఆగాలి. చాలా బండ్లలో ఇది 5 నుంచి 8 క్లిక్కుల మధ్య జరుగుతుంది. మీ బండి పుస్తకంలో ఇచ్చిన అంకెనే ప్రమాణంగా తీసుకోండి.

ఆ పరీక్షలో ఒక చక్రం ఆగి రెండోది తిరుగుతూనే ఉంటే, తిరిగే వైపు కేబుల్ ఇరుక్కుందో, లైనరుకు నూనె అంటిందో చూడాలి. రెండూ ఆగకపోతే షూ ఖాళీ, లైనర్ల అరుగుదల, ముందు కేబుల్ వరుసగా పరీక్షించాలి. స్టాండ్ల మీద ఉండగానే కింద నుంచి సమతూకపు పలకను చూస్తూ లివరు లాగించండి. పలక తిన్నగా ముందుకు జరగాలి. అది ఒకవైపుకు వాలిపోతే కేబుళ్లలో ఒకటి కదలడం లేదని అక్కడే తేలిపోతుంది. లివరు వదిలినప్పుడు రెండు వెనక కేబుళ్లూ వెంటనే వెనక్కి జారాలి. మీ ఎడమ కేబుల్ ఇక్కడే దొరకవచ్చు.

ఇక డ్రమ్ము విప్పాలి. తడవకు ఒక వైపే విప్పండి, రెండో వైపు అలాగే ఉంటే ఏ స్ప్రింగు ఎక్కడిదో సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి నమూనాగా ఉంటుంది. ఫోనుతో ఫొటో తీసుకోవడం ఇంకా మంచిది. అరిగిన డ్రమ్ము అంచున మెట్టు కడుతుంది, ఆ మెట్టుకు షూలు తట్టుకుని డ్రమ్ము ఊడి రాదు. సుత్తితో బాదకండి, షూలు అమర్చి ఉండే వెనక పలకలో ఉన్న చిన్న రంధ్రం నుంచి పళ్లచక్రాన్ని వెనక్కి తిప్పి షూలను దగ్గరికి తెచ్చుకుంటే సులభంగా వస్తుంది. లోపలి నల్లటి దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టే అలవాటు మన షెడ్లలో ఎక్కువ. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బయటికి రాదు. బ్రేక్ క్లీనరుతో గానీ తడి గుడ్డతో గానీ తుడవమని పట్టుబట్టండి, పక్కన నిలబడి చూసే పిల్లలను దూరంగా పంపండి.

లైనరు పొడిగా ఉందా, తడిగా ఉందా అన్నది అన్నిటికన్నా ముందు చూడాల్సిన విషయం. షూ అంచున మెరిసే తడి, దానికి అంటుకుని ముద్దగా మారిన దుమ్ము, వెనక పలక మీద కిందికి కారిన చార కనిపిస్తే నూనె ఎక్కడిదో తేల్చుకోవాలి. చిక్కగా, జిగటగా, ఘాటైన గంధకపు వాసనతో ఉంటే అది ఆక్సిల్ ఆయిల్ సీలు దాటి వచ్చిన గేర్ ఆయిల్. పల్చగా ఉండి, పెయింటు ఉబ్బి లేచిపోయి కనిపిస్తే అది వీల్ సిలిండర్ నుంచి కారిన బ్రేక్ ఆయిల్. సిలిండర్ రబ్బరు తొడుగు అంచును కొంచెం ఎత్తితే అందులో తడి బయటపడుతుంది. నూనె తాగిన లైనరును పెట్రోలుతో కడిగి, ఎండబెట్టి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేసే పద్ధతిని దయచేసి ఒప్పుకోకండి. పైకి పొడిగా కనిపించినా, వేడెక్కినప్పుడు లోపలి నూనె మళ్లీ పైకి ఊరుతుంది. కారే చోటు సరిచేసి, లైనర్లు రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒక వైపే కొత్తవి వేస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

గేర్ ఆయిల్ సీలు మార్చినా మళ్లీ మళ్లీ కారుతుంటే ఆక్సిల్ మీద ఉండే చిన్న బ్రీదరును, అంటే గాలి పోయే రంధ్రాన్ని, చూడమనండి. మార్కెట్టు బురదలో తిరిగే బండ్లకు అది మట్టితో పూడిపోతుంది. పరుగులో ఆక్సిల్ లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించినప్పుడు బయటికి పోయే దారి లేక నూనెను సీలు మీదికి తోస్తుంది. దాన్ని శుభ్రం చేయడానికి ఖర్చేమీ కాదు, అయినా ఎవరికీ గుర్తుండదు.

లైనరు పొడిగా ఉంటే మందం కొలవండి. రివెట్లతో బిగించిన లైనరైతే రివెట్ తల పైన మిగిలిన మందమే లెక్కలోకి వస్తుంది. అది 1 నుంచి 1.5 మిల్లీమీటర్లకు దిగితే మార్చవలసిందే. డ్రమ్ము లోపలి గరిష్ఠ వ్యాసం చాలా డ్రమ్ముల మీద పోతపోసే ఉంటుంది. ఆ అంకె దాటితే లేతు పట్టించడం కాదు, కొత్త డ్రమ్ము వేయాలి. డ్రమ్ము పెద్దదైపోతే కొత్త లైనరు నడిమి భాగం మాత్రమే తాకుతుంది, రెండు చివరలూ గాలిలో ఉంటాయి, అందుకే కొత్త లైనర్లు వేసినా హ్యాండ్ బ్రేకు పట్టలేదన్న ఫిర్యాదులు వస్తుంటాయి. షూలు ఆనుకుని జరిగే వెనక పలక మీది చదును చోట్లు గాడి పడ్డాయేమో చూసి, తుప్పు తీసి, వేడికి కరగని గ్రీసు అతి కొద్దిగా రాయాలి. అడ్జస్టరు మరలను విప్పి శుభ్రం చేసి అదే గ్రీసు రాయాలి. ఎడమ, కుడి అడ్జస్టర్ల మరలు చాలా బండ్లలో ఎదురెదురు దిక్కులకు తిరుగుతాయి, లోపలి లివర్లు కూడా ఏ వైపువి ఆ వైపుకే సరిపోతాయి. అవి తారుమారైతే ఎంత మంచి సామాను వేసినా ఫలితం ఉండదు.

అన్నీ కూర్చిన తరువాత వరుస తప్పకూడదు. ముందుగా కేబుల్ నట్టు పూర్తిగా వదులు చేసి, లోపలి లివర్లు తమ స్థానానికి ఆనేలా చూడాలి. తరువాత డ్రమ్ము వేసి, వెనక రంధ్రం నుంచి పళ్లచక్రాన్ని చక్రం చేతికి తిరగనంత బిగువు వచ్చేదాకా తిప్పి, ఆపైన కొన్ని పళ్లు వెనక్కి తిప్పాలి. తనంతట తాను సర్దుకునే రకమైతే వెనక్కి తిప్పేటప్పుడు దాని నాలుకను సన్నని స్క్రూడ్రైవరుతో పక్కకు పట్టుకోవాలి, లేకపోతే పళ్లు చెడిపోతాయి. చక్రం తిరుగుతూ, షూ తగిలీ తగలనట్టు సన్నగా రాపిడి వినిపిస్తే ఖాళీ సరిపోయినట్టు. కాలి బ్రేకును నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి షూలను మధ్యకు తెచ్చుకుని, మళ్లీ ఒకసారి సరిచూసి, అప్పుడు చిట్టచివరగా కేబుల్ నట్టు బిగించాలి. పుస్తకంలోని క్లిక్కుల సంఖ్యకు రెండు చక్రాలూ ఆగాలి, లివరు కిందికి వదిలితే రెండూ స్వేచ్ఛగా తిరగాలి. ఈ రెండో షరతు తప్పితే మొదటిది నెరవేరినా పని పూర్తయినట్టు కాదు.

కేబుల్ మార్చవలసిన సందర్భాలు లేకపోలేదు. పైతొడుగు చిట్లి లోపలికి నీళ్లు పోయి ఉన్నా, తీగలు ఒక్కొక్కటే తెగి బయటికి పొడుచుకొచ్చినా, గొట్టంలో కేబుల్ చేత్తో లాగితే జరగకపోయినా కొత్తది వేయండి. మీ ఎడమ కేబుల్ ఇరుక్కున్నదని తేలితే రెండు వెనక కేబుళ్లూ కలిపి మార్చడం మేలు. జె.సి. రోడ్డులో మీ మోడల్‌కు సామాను సులువుగానే దొరుకుతుంది. పాత కేబుల్ చేతిలో పట్టుకెళ్లి పొడవు, చివరి కొక్కెం, గొట్టం పొడవు మూడూ పోల్చి చూసి తీసుకోండి. అంగుళం తేడా ఉన్నా బిగింపు కుదరదు.

సరుకుతో ఉన్నప్పుడే ఎందుకు జారుతోందన్నదానికి లెక్క సులభం. ఎనిమిది అడుగులకు ఒక అడుగు లేచే వాలు మీద ఖాళీ బండి 1,600 కిలోలు ఉంటే దాన్ని కిందికి లాగే బలం దాదాపు 200 కిలోల బరువంత. మరో 1,200 కిలోల సరుకు ఎక్కిస్తే అదే 350 అవుతుంది. కాబట్టి షెడ్డు బయట ఖాళీ బండిని వాలు మీద ఆపి ‘పట్టింది చూడండి’ అంటే ఒప్పుకోకూడదు. మీరు రోజూ వేసే సరుకు వేసి, కాలు బ్రేకు పైనే సిద్ధంగా ఉంచి, ఒకసారి ముఖం ఎగువకూ ఒకసారి దిగువకూ పెట్టి పరీక్షించండి. కొన్ని బండ్లు ఒక దిక్కున పట్టినంత గట్టిగా రెండో దిక్కున పట్టవు. సరుకు నిండిన బండిని 18 శాతం వాలు మీద రెండు దిక్కులా నిలపగలగాలన్నది ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 13వది పెట్టిన కొలత. 100 అడుగులకు 18 అడుగులు లేచే వాలు అది. ఇక ఖాళీ పికప్‌కు ఇంకొక చిక్కు ఉంది. ముఖం దిగువకు పెట్టి ఆపినప్పుడు వెనక చక్రాల మీద బరువు మరీ తగ్గిపోయి, తడి సిమెంటు ర్యాంపు మీద చక్రాలు తిరగకుండానే జారవచ్చు. అది బ్రేకు లోపం కాదు. అలాంటి చోట బండిని ముఖం ఎగువకు పెట్టి ఆపండి.

ఫిట్‌నెస్ విషయానికొస్తే, ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనాలకు ప్రతి ఏడాదీ పరీక్ష తప్పదు, అందులో బ్రేకులూ చూస్తారు. యంత్రాలతో పరీక్షించే కేంద్రాల్లో చక్రాలను రోలర్ల మీద ఉంచి ఏ చక్రం ఎంత బలంతో ఆగుతోందో విడివిడిగా కొలుస్తారు కనుక ఒక వైపు పట్టి రెండో వైపు పట్టని బండి అక్కడ బయటపడుతుంది. కొత్త లైనర్లు వేస్తే పరీక్షకు ముందు రోజు కాకుండా కనీసం రెండు వారాల ముందే వేయించండి. లైనరు డ్రమ్ము వంపుకు సరిగా అమరడానికి కొంత పరుగు కావాలి, దాదాపు 500 కిలోమీటర్ల తరువాత ఖాళీని మరోసారి సరిచూడాలి.

ప్రశ్న: మా మామగారు నర్సరీ నడుపుతారు. మొక్కలు, కుండీలు వేసుకెళ్లే పాత పికప్ ఆయన ఊరెళ్లడంతో వానాకాలంలో నెలకు పైగా ఆరుబయటే నిలిచిపోయింది. హ్యాండ్ బ్రేకు వేసే ఉంచారు. ఇప్పుడు లివరు దించినా ఒక వెనక చక్రం తిరగడం లేదు. గట్టిగా ఆక్సిలరేటరు ఇచ్చి లాగితే వదులుతుందని పక్కవాళ్లు అంటున్నారు. అలా చేయవచ్చా?
— ఒక పాఠకురాలు, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: అలా చేయవద్దని మీ మామగారికి చెప్పండి. డ్రమ్ము లోపలి ఇనుప ముఖం మీద తుప్పు పట్టి లైనరును అంటిపెట్టుకుంది, లేదా కేబుల్ గొట్టంలో బిగుసుకుని వెనక్కి రావడం లేదు. బలంగా లాగితే లైనరు షూ నుంచి ఊడి డ్రమ్ములో ఇరుక్కోవచ్చు. ఆ స్థితిలో రోడ్డెక్కితే చక్రం ఎప్పుడైనా ఒక్కసారిగా బిగుసుకుపోతుంది.

మిగతా చక్రాలకు దిమ్మెలు పెట్టి, ఆ చక్రం ఎత్తి స్టాండు మీద ఉంచి, లివరు పూర్తిగా దించి కింద నుంచి చూడండి. ఆ వైపు కేబుల్ బిగువుగానే ఉంటే ఇరుక్కున్నది కేబుల్. దాని చివరను వెనక్కి నెట్టి వదులు చేస్తే చక్రం తిరుగుతుంది గానీ, అలాంటి కేబుల్‌ను మళ్లీ నమ్మకుండా మార్చేయాలి. కేబుల్ వదులుగానే ఉండి చక్రం తిరగకపోతే షూ అంటుకుంది. చక్రం విప్పి, డ్రమ్ము అంచు చుట్టూ చెక్క సుత్తితో మెల్లగా తట్టుతూ పోతే సాధారణంగా వదులుతుంది. వదిలింది కదా అని అక్కడితో ఊరుకోక డ్రమ్ము విప్పి తుప్పు శుభ్రం చేయించి, లైనరు ఎక్కడైనా లేచిందేమో చూడమనండి.

ఇకముందు వారం పది రోజులకు మించి బండి కదలదని తెలిస్తే, చదును చోట గేరులో ఉంచి, చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి వెళ్లడం మంచిది. వానలో అండర్‌పాసుల దగ్గర నిలిచిన నీళ్లలో నుంచి వచ్చిన రోజున, ఆపే ముందు కొంత దూరం కాలి బ్రేకును మెల్లగా నొక్కుతూ నడిపితే లైనర్లు వేడికి ఆరుతాయి. రోజూ నడిచే బండికి మాత్రం హ్యాండ్ బ్రేకు రోజూ వాడటమే ఆరోగ్యం. గేరులో పెట్టి వదిలే అలవాటున్న వాళ్ల బండ్లలోనే కేబుళ్లు ఎక్కువగా బిగుసుకుపోతాయి.

ప్రశ్న: నా దగ్గర పాత జీపు తరహా పికప్ ఉంది. దాని హ్యాండ్ బ్రేకు డ్రమ్ము చక్రాల దగ్గర కాకుండా గేరు పెట్టె వెనక, ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. మామూలుగా బాగానే పడుతుంది. కానీ పంక్చరైన వెనక చక్రాన్ని జాకీతో ఎత్తగానే బండి కదిలిపోయింది. గేరులో కూడా ఉంచాను. ఇదెలా జరిగింది?
— ఒక పాఠకుడు, యలహంక, బెంగళూరు

జవాబు: మీ బ్రేకు సరిగానే పనిచేసింది. ఆ బ్రేకు ఆపేది షాఫ్టును, చక్రాలను కాదు. షాఫ్టు కదలకుండా ఉన్నా, రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ల అమరిక, అంటే డిఫరెన్షియల్ వల్ల ఒక వెనక చక్రం ముందుకు తిరిగితే రెండోది వెనక్కి తిరిగే స్వేచ్ఛ ఉంటుంది. రెండూ నేల మీద ఉన్నప్పుడు అలా ఎదురెదురుగా తిరగలేవు కనుక బండి నిలుస్తుంది. ఒకటి గాలిలోకి లేవగానే దానికి అడ్డు పోతుంది, నేల మీది చక్రం దొర్లుతుంది. గేరు కూడా షాఫ్టునే పట్టుకుంటుంది కాబట్టి అదీ ఆదుకోలేదు. హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గరే ఉన్న బండ్లకు కూడా, ఆ బ్రేకు బలహీనమై గేరు మీదే ఆధారపడితే ఇదే ప్రమాదం ఉందని మిగతా పాఠకులూ గమనించాలి.

అందువల్ల మీ బండికి వెనక చక్రం ఎత్తాలంటే, చదును చోటు చూసుకుని, ఎత్తకముందే ముందు చక్రాలు రెంటికీ ముందూ వెనకా దిమ్మెలు గట్టిగా దిగ్గొట్టాలి. చక్రం వేసి, బండి నేలకు దించి, నట్లు చివరి బిగువు బిగించాకే దిమ్మెలు తీయాలి. ఇంకొక మాట: ఈ తరహా బ్రేకును బండి కదులుతుండగా లాగకండి, ఆ అదటుకు షాఫ్టు కీళ్లు, డిఫరెన్షియల్ పళ్లు దెబ్బతింటాయి. పట్టు తగ్గినట్టు అనిపిస్తే ముందు గేరు పెట్టె వెనక సీలు కారుతోందేమో చూడండి, ఆ నూనె నేరుగా ఈ డ్రమ్ములోకే చేరుతుంది.